పడవ చవకే... పోషణే ఖరీదు!

ఇంజన్ వేడెక్కిందని అలారం మోగుతోంది. కంగారులో ఆపేశాను. గాలి లేక తెరచాప వాలిపోయింది. లంగరేద్దామంటే కింద లోతు ఐదొందల అడుగుల పైమాటే. ఎదురుగా కార్లనీ, మనుషుల్నీ మోసుకుంటూ పెద్ద ఫెర్రీ వస్తోంది. అది ఐదుసార్లు పొట్టి పొట్టిగా హారన్ కొట్టింది. నీళ్లమీద ఆ హారన్‌కి అర్థం ‘నువ్వేం చేస్తున్నావో తెలియట్లేదు, జాగ్రత్త’ అని. లైఫ్ జాకెట్లు వేసుకున్న పిల్లలిద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు.

ఇదంతా అరచేతిలో పట్టే ఓ రబ్బరు చక్రం వల్ల. నిజం చెప్పాలంటే, నా వల్లే.

నాకంటే నాలుగేళ్లు పెద్దది

మేముండేది అమెరికాలోని సియాటెల్‌లో. మూడేళ్ల క్రితం ఓ సెకండ్‌హ్యాండ్ కారు ధరకే 1984 నాటి తెరచాప పడవ కొన్నాం. ‘కెటలీనా 30’ రకం. 1970ల్లో మొదలుపెట్టి 2008 దాకా ఇలాంటివి ఆరు వేలకు పైగా తయారయ్యాయి. పొడవు ముప్ఫై అడుగులు. లోపల చిన్న వంటగట్టు, బుల్లి బాత్రూమ్, కుటుంబమంతా పడుకునే చోటు ఉంటాయి. ఫొటోలు చూసి ఫ్రెండ్సంతా ‘ఏంటే, కోటీశ్వరులైపోయారా?’ అన్నారు.

పక్క పడవ పెద్దాయన మాత్రం నవ్వాడు. ‘బోట్ అంటే ఏంటో తెలుసా? బ్రేక్ అవుట్ అనదర్ థౌజండ్’ అన్నాడు. అంటే, ఇంకో వెయ్యి డాలర్లు తియ్యమని! జోకనుకున్నాను. మొదటి ఏడాదికే కాదని తేలిపోయింది.

ఖర్చు ఎక్కడంటే...

ఫైబర్‌గ్లాస్ పడవ నలభై ఏళ్లయినా చెక్కుచెదరదు. దానికి తగిలించినవే పాడవుతాయి. పడవ అడుగున నాచు, నత్తగుల్లలు పట్టకుండా ఏడాదికో రెండేళ్లకో పైకి ఎత్తించి రంగు వేయాలి. ఉప్పునీటికి లోహాలు తినిపోకుండా జింకు దిమ్మలు బిగిస్తారు. అవి తాము కరిగిపోతూ మిగతావాటిని కాపాడతాయి. అందుకే వాటినీ మార్చుకుంటూ ఉండాలి. తెరచాప కొయ్యని నిలబెట్టే స్టీలు తీగల్ని పది పదిహేనేళ్లకోసారి కొత్తవి వేయించమంటారు.

అసలు లెక్క ఇక్కడే తప్పుతుంది. మనం పాత ధరకి కొంటాం. తీగలకీ, తెరచాపలకీ ఆ సంగతి తెలీదుగా! వాటికి కొత్త పడవకైనా, పాత పడవకైనా ఒకటే రేటు.

డబ్బున్న పనులన్నీ చేయించాం. చవకైన పనినే వదిలేశాను. ఇంజన్‌కి సముద్రపు నీళ్లు తోడే పంపులో రెక్కలున్న రబ్బరు చక్రం ఉంటుంది. దాన్ని ఇంపెల్లర్ అంటారు. ఏడాదికోసారి మార్చితే మంచిది. ఫోన్‌లో రిమైండర్ వచ్చినప్పుడల్లా ‘వచ్చే వారం చూద్దాంలే’ అని స్నూజ్ కొట్టాను. అలా రెండేళ్లు గడిచాయి.

నాన్న అడిగిన ఒకే ప్రశ్న

ఆ రోజు మా ఆయన రేడియోలో మా పరిస్థితి చెప్పాడు. ఫెర్రీ పక్కకు తప్పుకుని వెళ్లింది. దాని అలలకి మా పడవ ఊగిపోతుంటే చిన్నది ఏడుపు లంకించుకుంది. అరగంటకి కాస్త గాలి పుట్టింది. తెరచాపతోనే మెల్లగా రేవు దాకా వచ్చాం. అక్కణ్నుంచి ఎవరో మోటారు పడవాయన తాడు కట్టి లోపలికి లాక్కెళ్లాడు.

‘అమ్మేద్దాం’ అన్నాడు మా ఆయన. నేను మాట్లాడలేదు.

మా నాన్న కాకినాడలో బోటు ఇంజన్ల మెకానిక్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, బోట్లు ఒడ్డుకొచ్చే ఆ రెండు నెలలే ఆయనకు అసలు సీజను. రాత్రి వీడియో కాల్ చేసి అంతా చెప్పాను. తిట్టలేదు. ‘వెనక గొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూశావా తల్లీ?’ అన్నారు. చూడలేదు. స్టార్ట్ చేయగానే చూడాల్సింది అదే. పొగతోపాటు నీళ్లు చిమ్మకపోతే ఇంజన్ చల్లబడట్లేదని అర్థం.

మర్నాడు ఆయన ఫోన్‌లో చెబుతుంటే పంపు విప్పాను. చక్రానికి ఆరు రెక్కలుండాలి. మూడే ఉన్నాయి.

‘కొత్తది బిగించేసి పండగ చేసుకోకు. ఊడిన ముక్కలు మూడూ దొరికేదాకా ఇంజన్ ముట్టుకోవద్దు’ అన్నారు. రెండు పైపులోనే దొరికాయి. మూడోది ఇంజన్ వేడిని నీళ్లలోకి లాగే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర ఇరుక్కుంది. దాన్ని వదిలేసి ఉంటే కొత్త చక్రం వేసినా మళ్లీ అదే కథ. స్టార్ట్ చేస్తే వెనకనుంచి నీళ్లు బుడబుడమని పడ్డాయి. ఫోన్‌లో ఆ చప్పుడు విని ‘ఇప్పుడు బాగుంది’ అన్నారు నాన్న.

పడవ అమ్మలేదు. కాకపోతే ఇప్పుడు ఇంజన్ వేయగానే వెనక్కి వంగి చూసి ‘నీళ్లొస్తున్నాయ్!’ అని అరిచే డ్యూటీ మా చిన్నదానిది. అది అరిచేదాకా తాళ్లు విప్పం.

మీరూ కొనాలనుకుంటే...

• కొనేముందు సర్వేయర్‌తో పరీక్ష చేయించండి. కుండని కొట్టి చూసినట్టు డెక్‌ని సుత్తితో తట్టి చూస్తారు. మొద్దు శబ్దం వస్తే లోపలి చెక్క తడిసి కుళ్లిందేమోనని అనుమానించాలి.

• దగ్గరున్న డబ్బంతా కొనడానికే పెట్టేయొద్దు. మొదటి ఏడాది రిపేర్లకి విడిగా దాచండి.

• ఇంపెల్లర్, బెల్టు, ఫిల్టర్లు... ఒక్కో సెట్టు ఎప్పుడూ పడవలో ఉండాలి. వాటిని మార్చడం మీకూ రావాలి.

• రిమైండర్ వస్తే స్నూజ్ కొట్టకండి!