కాందిశీకులు కట్టుకున్న పట్టణం
ఫరీదాబాద్‌లో బన్నూ వాసుల గాథ

న్యూఢిల్లీ: రాజధానికి దక్షిణాన ఆగ్రా రహదారిపై ఉన్న ఫరీదాబాద్‌లో ఆటో ఎక్కి ‘బీకే’ అంటే చాలు, ప్రభుత్వ ఆస్పత్రి ముందు దింపుతారు. సరిహద్దు గాంధీగా ప్రసిద్ధుడైన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను ప్రజలు బాద్‌షా ఖాన్ అని పిలిచేవారు. బీకే ఆ పేరుకు పొడి అక్షరాలు. 1951లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన ఈ ఆస్పత్రికి అటల్ బిహారీ వాజపేయి పేరు పెట్టాలని 2020 డిసెంబరులో హర్యానా ప్రభుత్వం ఆదేశించింది. మాజీ ప్రధానిపై తమకెంతో గౌరవం ఉన్నదని, ఆయన పేరిట కొత్త ఆస్పత్రి కడితే సంతోషిస్తామని, ఉన్న పేరును మాత్రం తీసివేయవద్దని పట్టణంలోని పాతకాపులు అభ్యంతరం తెలిపారు. వారి తాతలు ఆ ఆస్పత్రిని తమ చేతులతో కట్టుకోవడమే అందుకు కారణం.

ఫరీదాబాద్ పాత ఊరే. మొగల్ చక్రవర్తి జహంగీర్ కోశాధికారి షేక్ ఫరీద్ 1607లో దీనిని నెలకొల్పినట్లు చరిత్ర చెబుతున్నది. అయితే ఈ కథ ఆ ఊరిది కాదు, దాని పక్కన 1949లో వెలసిన కొత్త పారిశ్రామిక పట్టణానిది. దానిని నేటికీ ఎన్ఐటీ అనే వ్యవహరిస్తారు. ఆ మూడక్షరాలు వింటే మన పాఠకులకు వరంగల్లు కళాశాల గుర్తుకు వస్తే ఆశ్చర్యం లేదు. ఇక్కడ మాత్రం అవి ‘న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్’కు సంకేతం. పట్టణాన్ని కొన్ని పేటలుగా విభజించి, పేర్లకు బదులు అంకెలు వేశారు. ‘ఒకటో నంబరు’, ‘ఐదో నంబరు’ అంటూ ఇంటి చిరునామా చెప్పే అలవాటు ఇక్కడివారిని ఇంకా వదలలేదు.

దేశ విభజన నాడు వాయవ్య సరిహద్దు రాష్ట్రం (2010 నుంచి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా) విడిచి వచ్చిన హిందువులు, సిక్కులు ఈ పట్టణానికి తొలి నివాసులు. బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్, కోహాట్ వంటి జిల్లాలు వారి స్వస్థలాలు. అంగడిలో పుష్తూ, ఇంటిలో తమ మాండలికం మాట్లాడిన ఈ కుటుంబాలలో చాలామంది వర్తకులు. వారి నాయకులలో పలువురు బాద్‌షా ఖాన్ నడిపిన ఖుదాయీ ఖిద్మత్‌గార్ ఉద్యమంలో పనిచేసినవారు. అహింసను ప్రతిజ్ఞగా స్వీకరించిన ఆ ‘దైవ సేవకులు’ క్రమశిక్షణకు పేరుపొందారు.

ఆ క్రమశిక్షణ కాందిశీకుల శిబిరాలలో అక్కరకు వచ్చింది. కురుక్షేత్రలోని విశాల శిబిరంలో కాలం వెళ్ళదీస్తున్న వీరిని రాజస్థాన్ ప్రాంతాలకు చెదరగొట్టి పంపాలని అధికారులు తలపెట్టగా వారు ససేమిరా అన్నారు. తమను ఒకేచోట, ఢిల్లీకి చేరువలో స్థిరపరచాలని పట్టుబట్టి రాజధానిలో శాంతియుతంగా సత్యాగ్రహం చేశారు. చివరకు ప్రభుత్వం ఫరీదాబాద్ స్థలాన్ని ఎంపిక చేసింది. 1949లో ఏర్పడిన ఫరీదాబాద్ అభివృద్ధి మండలికి బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షులయ్యారు. గాంధీజీ దూతగా బ్రిటిష్ మంత్రులతో మంతనాలు సాగించిన సుధీర్ ఘోష్ పనుల బాధ్యత స్వీకరించారు. సామాజిక కార్యకర్త కమలాదేవి ఛటోపాధ్యాయ సహకార సంఘాల నిర్మాణానికి పూనుకున్నారు. మండలి సమావేశాలలో చాలావాటికి నెహ్రూ స్వయంగా హాజరు కావడం విశేషం. దేశానికి ప్రధానిగా ఉన్న వ్యక్తి ఒక చిన్న పట్టణపు ఇటుకలు, సున్నం లెక్కలు వినడానికి అంత తీరిక చేసుకున్న ఉదంతాలు అరుదు.

వివాదం మొదలైంది ఆ ఇటుకల దగ్గరే. గుత్తేదార్లకు పనులు అప్పగించి, కట్టిన ఇళ్ళను కాందిశీకులకు ఇవ్వడం అప్పటి రివాజు. తమ ఇళ్ళు తామే కట్టుకుంటామని బన్నూ వాసులు కోరారు. తక్కెడ తప్ప తాపీ పట్టి ఎరుగని వర్తకులు గోడలేమి కడతారని ఇంజనీర్లు సందేహించారు. అయినా మండలి వారి వైపే మొగ్గింది. సహకార సంఘాలుగా ఏర్పడి మట్టి తవ్వడం, ఇటుకలు చేయడం, తాపీ పని, వడ్రంగం నేర్చుకున్నారు. పని దొరకడంతో శిబిరాలలో ఇచ్చే ఉచిత రేషన్ అవసరం తగ్గింది. వేలాది ఇళ్ళు, వీధులు, బడులు, ఆస్పత్రి ఆ విధంగా లేచాయి.

విద్యుత్కేంద్రం ఉదంతం మరింత ఆసక్తికరం. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి నష్టపరిహారంగా భారత్ వాటాకు వచ్చిన డీజిల్ విద్యుత్ యంత్రాలు కలకత్తాలో పడివుండగా సుధీర్ ఘోష్ దృష్టి వాటిపై పడింది. ప్రధాని అండతో వాటిని ఫరీదాబాద్‌కు రప్పించారు. వాటిని నెలకొల్పే పనిలో కాందిశీక యువకులే పాల్గొన్నారు. పరిశ్రమలకు కావలసిన కరెంటు ఆ కేంద్రం నుంచే వచ్చింది. బడులలో సేవాగ్రామ్ నుంచి వచ్చిన ఆర్యనాయకం, ఆశాదేవి దంపతుల మార్గదర్శకత్వంలో గాంధీజీ ‘నయీ తాలీమ్’ పద్ధతిని అమలు చేశారు. కమలాదేవి తెలుగువారికి కొత్త కాదు. ఆమె ఒకప్పటి భర్త, హైదరాబాదులో పుట్టిన హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ 1952లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

కాగా ఈ ఉత్సాహం ఎంతోకాలం నిలవలేదు. నిర్మాణం ముగింపునకు వచ్చేసరికి పనులు తగ్గి నిరుద్యోగం తలెత్తింది. మండలి స్థానంలో ప్రభుత్వ శాఖల పెత్తనం పెరిగింది. నిర్వాసితులకు నష్టపరిహారం చెల్లించేందుకు 1954లో చట్టం వచ్చింది. విడిచివచ్చిన ఆస్తికి రావలసిన పరిహారాన్ని తాము కట్టిన ఇంటి ఖరీదుతో చెల్లువేసుకునే లెక్కలు దాని వెంట వచ్చాయి. నాడు సహకారోద్యమంలో యువ కార్యకర్తగా ఇక్కడ పనిచేసి, తర్వాత మెగసెసే పురస్కారం పొందిన ఎల్.సి. జైన్ ఈ చరిత్రను 1998లో గ్రంథస్థం చేశారు. ప్రజలు ఉమ్మడిగా నిర్మించినది ఉమ్మడిగా వారికి దక్కలేదన్న బాధ ఆ పుస్తకంలో కనిపిస్తుంది. ఆ లెక్కలో ఎవరిది ఎంత తప్పన్నది తేల్చడం నేడు కష్టమే గాని, తాపీ పట్టిన చేతికి సంతకం పెట్టే అధికారం దక్కలేదన్నది కాదనలేని నిజం.

పట్టణం మాత్రం పెరిగింది. 1951లో బాటా పాదరక్షల కర్మాగారం వచ్చింది. తర్వాత ఎస్కార్ట్స్ ట్రాక్టర్లు, బల్లభ్‌గఢ్‌లో గుడ్‌ఇయర్ టైర్లు తయారయ్యాయి. 1966లో హర్యానా ఏర్పడగా, 1979 ఆగస్టు 15న గుర్గావ్ నుంచి విడిపోయి ఫరీదాబాద్ ప్రత్యేక జిల్లా అయింది. ముప్ఫై, నలభై వేల మంది కోసం మొదలైన చోటు 2011 జనాభా లెక్కల నాటికి 14 లక్షలు దాటిన నగరంలో ఒక భాగమైంది. 2015లో ఢిల్లీ మెట్రో ఇక్కడికి వచ్చింది. స్టేషన్లలో ఒకదానికి బాటా చౌక్, మరొకదానికి ఎస్కార్ట్స్ ముజేసర్ అని పేర్లు పెట్టారు. కర్మాగారాల పేర్లు బోర్డులకెక్కాయి, కట్టినవారి ఊర్ల పేర్లు ఎక్కలేదు.

విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు వినని వారుండరు. రంగూన్ నుంచి వచ్చిన తెలుగువారి జ్ఞాపకం అక్కడ పేట పేరులోనే ఉన్నది. ఎన్ఐటీలో ఆ జ్ఞాపకం మనుషుల నోట ఉన్నది. వృద్ధులు ఒకచోట చేరినప్పుడు బన్నూవాలీ మాండలికం వినిపిస్తుంది. మూడో తరానికి అది అర్థమవుతుంది గాని పలకడం రాదు, ఇంటిలో హిందీ, పంజాబీలే. పెళ్ళి సంబంధాలకు బన్నూవాల్ కుటుంబాలను వెదికే పట్టింపూ సడలుతున్నది. దసరాకు ఎన్ఐటీ మైదానంలో జరిగే రావణ దహనానికి మాత్రం పట్టణమంతా కదలివస్తుంది.

బాద్‌షా ఖాన్‌కు 1987లో భారతరత్న లభించింది. ఆయన 1988 జనవరి 20న పెషావర్‌లో కన్నుమూశారు. ఆయన పేరు ప్రభుత్వ ఉత్తర్వులో మారినా, రోగిని తీసుకుని పరుగున వచ్చేవారు ఆటోవాలాకు ఇప్పటికీ బీకే అనే చెబుతున్నారు. ఆస్పత్రి ఎదుటి కూడలి కూడా బీకే చౌకే.