మోత తగ్గితేనే జత కుదురుతుంది

నారాయణపేటలో సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చరిచే చప్పట్లు ఎవరినీ మెచ్చుకోవు. నడుమ బతుకమ్మలు పెట్టి, ఒకరు పాట అందుకుంటే మిగతావారు వంత పాడుతూ, వంగి లేస్తూ తిరిగే ఆ వలయంలో ఆడేవారే తప్ప చూసి మార్కులు వేసేవారు లేరు. అదే ఊళ్లో బడి వార్షికోత్సవంలోనో ఎన్నికల సభలోనో మోగే చప్పట్లను మాత్రం మెప్పుకు కొలతగా తీసుకుంటాం. ఎంత గట్టిగా, ఎంతసేపు మోగితే అంత నచ్చిందని లెక్క. ఈ లెక్క అంత నమ్మదగినది కాదు. సభలోని చప్పట్లకు కూడా బతుకమ్మ చప్పట్లతో దగ్గరి చుట్టరికం ఉంది. వేదిక మీది మనిషి గురించి అవి చెప్పేదానికంటే, చప్పట్లు కొట్టేవారు ఒకరితో ఒకరు ఎలా కలుస్తారో చెప్పేదే ఎక్కువ.

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మాన్ బృందం చిన్న చిన్న విద్యార్థి బృందాల ముందు ప్రసంగాలు ఇప్పించి, ఎవరి చేతులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాయో వీడియోల్లో లెక్కించింది. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం చప్పట్లు జలుబులా అంటుకుంటాయి. ఒకరిద్దరు మొదలుపెట్టాక, గదిలో ఎంతమంది కొడుతున్నారన్నదాన్ని బట్టి మిగతావారు చేరతారు. పక్క కుర్చీలో ఉన్న మనిషి ప్రభావం కంటే గదంతా నిండిన చప్పుడు ప్రభావమే ఎక్కువ. ఆగడమూ అలాగే అంటుకుంటుంది. అందుకే ఒకే స్థాయి ప్రసంగానికి ఒకసారి చప్పట్లు తొందరగా ఆగిపోతాయి, ఇంకోసారి సాగుతూనే ఉంటాయి. కర్ణాటక సరిహద్దున తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసిన నారాయణపేట లాంటి ఊళ్లో, మాట సగమే అందినవారి చేతులు కూడా అందరితో పాటే కలవడంలో వింత లేదు. ఈ అంటువ్యాధి సంగతి పాలకులకు ఎప్పుడో తెలుసు. రోమ్ చక్రవర్తి నీరో తన పాటలకు చప్పట్లు కొట్టడానికే 5000 మందికి పైగా యువకులను తయారు చేయించాడని చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు.

అంటుకోవడం ఒక ఎత్తు, జత కుదరడం ఇంకో ఎత్తు. రొమేనియా, హంగరీ నాటకశాలల్లో ప్రదర్శన ముగిశాక మొదట గజిబిజిగా మోగే చప్పట్లు, కొన్ని క్షణాల్లో ఎవరూ చెప్పకుండానే ఒకే తాళంలోకి వస్తుంటాయి. భౌతిక శాస్త్రవేత్త జోల్తాన్ నేదా, ఆయన సహచరులు ఆ చప్పుళ్లను రికార్డు చేసి 2000లో ‘నేచర్’ పత్రికలో విశ్లేషించారు. గజిబిజిలో కొట్టే వేగం కలిసి కొట్టేటప్పుడు దాదాపు సగానికి పడిపోతుంది. వేగంగా కొడితే ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, నిదానిస్తే తేడాలు తగ్గి చేతులు కలుస్తాయి. అయితే దెబ్బల సంఖ్య తగ్గుతుంది కాబట్టి మొత్తం మోత కూడా తగ్గుతుంది. ఇంకా గట్టిగా మెచ్చుకోవాలని వేగం పెంచితే తాళం చెదిరిపోతుంది. మోతా జతా రెండూ ఒకేసారి దక్కవు. ఆ ప్రేక్షకులు జతను కోరుకున్న ప్రతిసారీ కొంత మోతను వదులుకున్నారు.

మన సభల్లో ఇలా జరగదు కదా అనవచ్చు. నిజమే, మన చప్పట్లు సాధారణంగా అంతసేపు సాగవు. కానీ పాట మొదలైతే ఇక్కడి చేతులు కూడా నిదానించి తాళంలో పడతాయి. పాట లేకుండానే అది సాధ్యమని ఆ నాటకశాలలు చూపించాయి. చప్పుడే లేకపోతే మెప్పు ఎక్కడిదని ఇంకో ప్రశ్న. వినికిడి లేనివారు చేతులు పైకెత్తి అరచేతులు ఆడిస్తూ మెచ్చుకుంటారు. అక్కడ శబ్దం లేదు, అయినా అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇది: చప్పట్లు అంటువ్యాధే అయితే అందులో మెప్పు బొత్తిగా లేదా? ఉంది. ఎవరి నుంచీ అంటించుకోకుండా, నిశ్శబ్దాన్ని తానే చీల్చే మొదటి మనిషి చేతుల్లో ఉంది. తర్వాత చేరిన వందమంది నిర్ణయంలో గది చప్పుడుకూ వాటా ఉంటుంది, మొదటివారి నిర్ణయంలో ఉండదు. అందుకే సభ ఎంత మోగిందన్న ప్రశ్న కంటే, మొదటి చప్పట్లు ఎటు నుంచి వచ్చాయన్న ప్రశ్న విలువైనది. ముందు వరుసలోని కార్యకర్తల నుంచా, లేక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవారి నుంచా?