కొత్త కిటికీ, పొరుగింటి మరుగు: సైబరాబాద్‌లో భవన అనుమతి పరిధి

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వీధుల రూపం మారింది. సొంత ఇళ్లపై అంతస్తులు లేచాయి, అనేకం హాస్టళ్లయ్యాయి. పై అంతస్తు కిటికీ పొరుగింటి పెరటివైపు తెరుచుకుంటే ఆ ఇంటి ఏకాంతానికి రక్షణ ఏమిటి?

2012 నాటి భవన నిర్మాణ నియమాలు స్థల విస్తీర్ణం, భవనం ఎత్తు, రోడ్డు వెడల్పులను బట్టి ఇంటి చుట్టూ విడవవలసిన ఖాళీని నిర్ణయించాయి. ముందరి ఖాళీ వీధికి ఒక వరుసనిస్తుంది. పక్కల ఖాళీ గాలి, వెలుతురులతోపాటు కొంత మరుగునూ ఇస్తుంది. అయితే నియమం కొలిచేది దూరాన్నే, చూపును కాదు.

2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు నివాస భవనాలకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి కల్పించింది. క్షేత్ర పరిశీలన అనుమతి తర్వాతి దశకు మారింది. అప్పటికి గోడ లేచి ఉండవచ్చు.

1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 18వ సెక్షన్ స్థానిక ఆచారాన్ని గుర్తిస్తుంది. పొరుగింటి మరుగుకు గణనీయంగా భంగం కలిగించే కొత్త కిటికీ తెరవరాదనే ఊరి ఆచారాన్ని ఉదాహరణగా చూపుతుంది. కాని ఆచారాన్ని రుజువు చేయాలి. పలు ప్రాంతాల నుండి వలస వచ్చినవారితో కొత్తగా వెలసిన కాలనీలో అది దుస్సాధ్యం. కనుక ఇక్కడ పొరుగువారి ఏకాంతానికి ఆచరణలో మిగిలిన ఆధారం ఆ ఖాళీ స్థలమే. దానిలోకి చొచ్చుకువచ్చే ప్రతి అదనపు గదీ ఆ ఆధారాన్ని తగ్గిస్తుంది.