ఆక్యుపంక్చర్ మెరిడియన్ల భౌతిక ఆధారంపై పరిశోధనలు

ఆక్యుపంక్చర్ మెరిడియన్లు అనగా, చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం "చీ" అనే ప్రాణశక్తి శరీరంలో ప్రవహించే మార్గాలు. వీటిలో ప్రధానమైనవి 12. మరి రెండు కలిపి, ఆ 14 మార్గాలపై 361 బిందువులు గుర్తించబడినవి. యోగశాస్త్రంలోని ఇడ, పింగళ మొదలైన నాడులు వీటికంటె వేరు. సూది గుచ్చితే నొప్పి తగ్గుతుందా అన్నది ఒక ప్రశ్న, ఈ మార్గాలు శరీరంలో నిజంగా ఉన్నాయా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి అవునన్నంత మాత్రాన రెండవది రుజువు కాదు.

బాంగ్‌హాన్ నాళాలు

1960 దశకం ఆరంభంలో ఉత్తర కొరియాకు చెందిన కిమ్ బాంగ్ హాన్, మెరిడియన్లకు ఆధారమైన సన్నని నాళాలను కనుగొన్నట్లు ప్రకటించాడు. కాని నాళాలు కనబడడానికి వాడిన రంగు ఏమిటో పూర్తిగా తెలుపలేదు. అందువలన ఇతరులు ఆ ప్రయోగాన్ని తిరిగి చేయడం కష్టమైనది. 1965 తరువాత అతని పేరే వినబడకుండా పోయింది. 2000 తరువాత సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త సో క్వాంగ్ సుప్ బృందం, ట్రైపాన్ బ్లూ వంటి రంగులతో జంతువులలో దారాలవంటి నిర్మాణాలను చూపి, వాటికి "ప్రైమో నాళ వ్యవస్థ" అని పేరు పెట్టింది. అయితే అవి ఎక్కువగా లోపలి అవయవాల ఉపరితలంపైన, రక్తనాళాలలోను కనబడినవి. చర్మం క్రింద మెరిడియన్ పటాన్ని అనుసరించే జాలంగా ఇవి నిరూపించబడలేదు.

రేడియోధార్మిక పరీక్ష

1985లో ఫ్రాన్సులో పియర్ ద వెర్నెజూల్ బృందం టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని బిందువులలో ఎక్కించి గామా కెమెరాతో చిత్రించింది. మెరిడియన్లను పోలిన గీతలు కనబడ్డాయి. ఈ చిత్రాలు చాలా ప్రచారం పొందినవి. 1988లో మరొక ఫ్రెంచి బృందం బిందువులు కాని చోట్ల కూడా ఎక్కించి చూడగా, ఆ పదార్థం సిరలు, శోషరస నాళాల గుండా పోవుచున్నదని తేలినది. చేతిలోని సిరలు కూడా మణికట్టు నుండి భుజం వైపే పోతాయి కదా!

ఇతర పరిశోధనలు

బిందువుల వద్ద చర్మం విద్యుత్ నిరోధం తక్కువని 1950 దశకం నుండి వాదన కలదు. 18 అధ్యయనాలను పరిశీలించిన 2008 నాటి సమీక్ష దీనిని నిర్ధారించలేకపోయినది. చెమట, అదిమే ఒత్తిడి కూడా ఈ కొలతలను మారుస్తాయి.

అమెరికాలో హెలెన్ లాంజెవిన్ 2002లో చేతి కోతలను పరిశీలించి, సుమారు 80 శాతం బిందువులు కండరాల మధ్య గల సంయోజక కణజాలపు పొరల వద్ద ఉన్నవని తెలిపింది. అటువంటి పొరలు శరీరమంతటా ఉంటాయి కనుక ఇది ప్రత్యేక మార్గానికి సాక్ష్యం కాజాలదు.

2021లో హార్వర్డ్‌కు చెందిన చియుఫు మా బృందం ఎలుకల వెనుక కాలిలోని ఒక బిందువు వద్ద స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇవ్వగా, వేగస్ నాడి, అధివృక్క గ్రంథుల ద్వారా వాపు తగ్గినది. పొట్టమీది బిందువు వద్ద ఆ ఫలితం రాలేదు. ఇందుకు కారణమైన నాడీకణాల తంతువులు కాలి లోపలి పొరలలో ఉన్నాయి, పొట్ట పొరలలో లేవు.