కారు అడగని నగరాలు

శంషాబాద్ విమానాశ్రయం పాలమూరు రోడ్డు మీదే ఉంది. జడ్చర్ల, షాద్‌నగర్ దాటి హైదరాబాద్‌కు వచ్చే 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని 2008 మార్చిలో అక్కడ విమానాలు దిగడం మొదలైంది. అంతకుముందు దశాబ్దాల పాటు ఇదే రోడ్డు మీద గుంపు మేస్త్రీల వెంట మూటలు కట్టుకుని పోయినవాళ్లే ఎక్కువ. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఏ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ అక్కడ ఉండాల్సిందే. ముంబై, పుణె లాంటి ఊళ్లు వాళ్లకు పని దొరికే చోట్లు. సముద్రం చూసొద్దామని ముంబై పోయినవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు ఆ ఇళ్లలోనే ఒకరో ఇద్దరో సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు. పాస్‌పోర్టు దరఖాస్తు పనికి పోస్టాఫీసు దాకా పోతే చాలు. నల్లగొండ వాళ్లు చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీలో అడుగు పెట్టకుండానే శంషాబాద్ చేరుకుంటారు. జొన్నలు, కందులు పండించుకుని బతికిన ఈ మెట్ట ప్రాంతం ఇంత కాలానికి ఊరికే ఊరు చూడటానికి విదేశం పోతోంది.

మరి ఏ ఊరు నచ్చుతుంది? ట్రావెల్స్ వాళ్ల కరపత్రం నిండా టవర్లు, బీచ్‌లు, సఫారీలే ఉంటాయి. పోయొచ్చినవాళ్ల మాటలు వింటే లెక్క వేరేగా ఉంటుంది. “రైలు మేమే ఎక్కినం, మేమే దిగినం”, “పొద్దుగాల్నే లేచి గుడికి నడుసుకుంట పోయినం” అని చెప్పేటప్పుడు వచ్చే ఉత్సాహం ఎత్తయిన భవనం గురించి చెప్పేటప్పుడు రాదు. కొడుకునో కూతురినో కారు అడగకుండా, జేబులో నాలుగు పైసలతో సొంతంగా తిరగగలిగే ఊరే మనవాళ్ల మనసుకు పడుతుంది. ఇది పిసినారితనం కాదు. అరవై దాటినవాళ్లకు పరాయి దేశంలో అది గౌరవానికి సంబంధించిన విషయం.

పల్లెల్లో చాలామంది పెద్దవాళ్లకు మొదటి విదేశీ నగరం ఖాట్మండు. కాశీ, గయ యాత్రకు బయల్దేరిన బస్సులు చాలా సార్లు నేపాల్ దాకా పోతాయి. వంటవాళ్లు, బియ్యం బస్తా, పచ్చడి జాడీలు వెంటే ఉంటాయి. మనకు వీసా అక్కర్లేదు, మన వంద నోటు అక్కడి దుకాణంలో చెల్లుతుంది. పశుపతినాథ్ గుడిలో పూజలు చేసే భట్టులు దక్షిణాది నుంచి, ఎక్కువగా కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లే కాబట్టి గర్భగుడి దగ్గర పరాయితనం అనిపించదు. గుడి వెనక బాగ్మతి ఒడ్డున చితులు కాలుతుంటే అవతలి మెట్ల మీద జనం కూర్చుని చూస్తుంటారు. ఊరంతా దుమ్ము, ట్రాఫిక్ ఎక్కువ. అయినా సందుల్లో బ్యాటరీతో నడిచే ‘సఫా టెంపో’లు తిరుగుతుంటాయి. 1990ల నుంచీ ఉన్న ఈ మూడు చక్రాల బండ్లలో చాలావాటికి డ్రైవర్లు ఆడవాళ్లే.

ఖాట్మండు తర్వాత మెట్టు సాధారణంగా బ్యాంకాక్. ఆ ఊరి పేరు చెప్పగానే మన దగ్గర కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. ఆ నవ్వు వల్ల కుటుంబాలతో పోవాల్సిన ఒక మంచి ఊరికి చెడ్డపేరు వచ్చింది. 2006లో తెరిచిన సువర్ణభూమి విమానాశ్రయంలో నిలువెత్తు క్షీరసాగర మథనం శిల్పం ఉంటుంది. వాసుకిని ఒక పక్క దేవతలు, ఒక పక్క రాక్షసులు పట్టుకుని లాగుతుంటారు. ఇంగ్లిష్ రాని అవ్వ కూడా ఆ కథ మనవడికి చెప్పగలదు. రాజప్రాసాదం ఆవరణలోని మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ మండపంలో రామాయణం 178 చిత్రాల్లో ఉంది. అక్కడి పేరు రామకియెన్. మనవాళ్లు నివ్వెరపోయేది అక్కడి హనుమంతుణ్ణి చూసి. ఆయన బ్రహ్మచారి కాదు. సేతువు కట్టేటప్పుడు రాళ్లు ఎత్తుకుపోతున్న రావణుడి కూతురు, సువర్ణమత్స్య అనే మత్స్యకన్య మీద మనసు పడతాడు! హనుమాన్ జయంతికి గదలెత్తి ఊరేగే ఊళ్ల నుంచి పోయినవాళ్లు ఈ కథ విన్నాక కాసేపు మాట్లాడరు.

బ్యాంకాక్‌లో తిరగడానికి రోడ్డు కన్నా నీళ్లు నయం. 1999లో మొదలైన ఆకాశ రైలు ఎక్కి సఫాన్ తక్సిన్ స్టేషన్‌లో దిగితే కిందే చావ్ ఫ్రయా నది రేవు. పడవ ఎక్కితే 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుడున్న వాట్ ఫో, దాని ఎదుటి ఒడ్డున వాట్ అరుణ్ వస్తాయి. పడవ రేవును తాకీ తాకకముందే కండక్టర్ ఈల వేస్తాడు, జనం చకచకా దూకేస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదొక్కటే ఇబ్బంది.

సింగపూర్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పాలమూరు, నల్లగొండ జిల్లాల వాళ్లకు ఆ ఊరితో నీళ్ల చుట్టరికం ఉంది.

ఆ ద్వీపానికి పెద్ద నది లేదు. మలేషియాలోని జొహోర్ నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చుకోవాలి. 1962లో చేసుకున్న ఆ ఒప్పందం 2061తో ముగుస్తుంది. ఈలోగా సొంత కాళ్ల మీద నిలబడాలని వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడటం 2003లో మొదలుపెట్టారు. దాని పేరు న్యూవాటర్. 2008లో నగరం నడిబొడ్డున సముద్రం లోపలికి వచ్చే చోట 350 మీటర్ల ఆనకట్ట వేశారు. అదే మరీనా బ్యారేజ్. లోపలున్న ఉప్పునీళ్లు వానలతో మెల్లగా మంచినీళ్లయ్యాయి. దేశ విస్తీర్ణంలో ఆరో వంతు మీద పడ్డ వాన ఆ చెరువులోకే చేరుతుంది. 26 గేట్ల నాగార్జునసాగర్ చూసిన కళ్లకు ఈ తొమ్మిది గేట్ల కట్ట చిన్నదే. కానీ దాని పైకప్పు చూడాలి. కప్పంతా పచ్చగడ్డి, సాయంత్రమైతే పిల్లాపాపలతో వచ్చి గాలిపటాలు ఎగరేస్తారు. టికెట్ లేదు. ఒక పక్క ఓడలు లంగరేసిన సముద్రం, ఒక పక్క తాగునీళ్ల చెరువు. రెంటి మధ్యా ఉన్నది ఒక్క గోడ. డ్యామ్‌లు కట్టడానికి ఊళ్లు తిరిగిన పాలమూరు కుటుంబాల వాళ్లకు ఈ కట్ట చూస్తే ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంకో సంగతి వింటే నల్లగొండ వాళ్లు ఉలిక్కిపడతారు. సింగపూర్ నల్లా నీళ్లలో ప్రభుత్వమే ఫ్లోరైడ్ కలుపుతుంది! మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో తరాల ఎముకలు వంచిన పదార్థం అది. తేడా అంతా మోతాదులో ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సింగపూర్‌లో కలిపేది ఆ హద్దుకు బాగా కింద, పళ్లు పుచ్చిపోకుండా ఉండటానికి. నల్లగొండ బోర్లలో రాతి పొరల నుంచి దిగింది ఆ హద్దుకు ఎన్నో రెట్లు. సింగపూర్‌లో ఏ నల్లా తిప్పినా నీళ్లు నేరుగా తాగొచ్చు. సీసా కొనే పని లేదు. రెండు మూడు రోజులు భయపడి, తర్వాత నమ్మకం కుదిరి నల్లా కింద గ్లాసు పెట్టడం మనవాళ్లకు అలవాటవుతుంది.

తిరగడం మరీ తేలిక. 1987లో మొదలైన ఎంఆర్‌టీ రైళ్లు ఊరంతా పోతాయి. బ్యాంకు కార్డు గేటుకు తాకిస్తే చాలు. ఊదారంగు లైనులో ఫారర్ పార్క్ దిగితే సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి. 1855లో కట్టిన ఈ కోవెల మొదట నరసింహ పెరుమాళ్‌ది. శ్రీనివాసుడి పేరు తర్వాత వచ్చింది. యాదగిరిగుట్ట నరసింహస్వామిని ఇలవేల్పుగా కొలిచే ఇళ్ల వాళ్లు ఈ ముక్క తెలిస్తే ఇంకో ప్రదక్షిణ చేస్తారు. అదే రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో అరిటాకు భోజనం దొరుకుతుంది. కారం మాత్రం మన లెక్కకు సరిపోదు, పచ్చడి పొట్లం జేబులో ఉండాల్సిందే. నమిలే పొగాకుకు ఆ దేశంలోకి ప్రవేశం లేదు. ఖైనీ అలవాటున్న పెదనాన్నలకు ఇంటి దగ్గరే గట్టిగా చెప్పి పంపాలి.

దుబాయ్ అంటే అందరూ మొదట చూపించేది బుర్జ్ ఖలీఫా. 828 మీటర్లు, 2010 జనవరిలో తెరిచారు, ప్రపంచంలో అంత ఎత్తయిన భవనం మరొకటి లేదు. పైకెక్కడానికి ఖరీదైన టికెట్ కొంటారు, ఎక్కి ఫొటో దిగుతారు, అక్కడితో సరి. అసలు దుబాయ్ క్రీక్ దగ్గరుంది. ఇది ఊరిని దేరా, బర్ దుబాయ్ అని రెండుగా చీల్చిన ఉప్పునీటి పాయ. దాన్ని దాటించే చెక్క పడవను అబ్రా అంటారు. మధ్యలో బల్ల, దాని మీద అటూ ఇటూ నీళ్లవైపు ముఖం పెట్టి జనం కూర్చుంటారు. డ్రైవరు వాళ్ల నడుమ చిన్న గుంతలో ఉండి ఇంజన్ నడుపుతాడు. మనుషులు నిండగానే పడవ కదులుతుంది. ఛార్జీ ఒక్క దిర్హం, నాణెం చేతికిస్తే అయిపోతుంది. పక్కన కూర్చున్నది పెషావర్ కూలీయో, కేరళ నర్సో, కెమెరా మెడలో వేసుకున్న జర్మన్ టూరిస్టో కావచ్చు. దుబాయ్‌లో ఇంతమంది ఒకే బల్ల మీద కూర్చునే చోటు ఇంకోటి లేదనిపిస్తుంది.

దేరా వైపు బంగారం బజారు, బర్ దుబాయ్ వైపు బట్టల బజారు. చీరాలలో పుట్టి, పుట్టపాక మగ్గాల మీద నిలబడ్డ తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఎగుమతయింది అరబ్బు దేశాలకే. అక్కడ తలకు చుట్టుకునేవారు. ఆముదం కాయల బూడిద, నూనె పట్టించిన నూలు కాబట్టి ఎండలో చల్లగా ఉండేదని చెబుతారు. 2020లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊళ్లో దూరాలు పోవడానికి 2009 సెప్టెంబరు 9న మొదలైన డ్రైవర్ లేని మెట్రో ఉంది, అందులో ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంది. పోతే నవంబరు నుంచి మార్చి లోపల పోవాలి. జూన్, జూలై ఎండకు మన రామగుండం వాళ్లు కూడా తట్టుకోలేరు. మసాలా డబ్బాలో గసగసాలు పొరపాటున కూడా ఉండకూడదు. అక్కడ అవి మత్తు పదార్థాల కిందికి వస్తాయి, జైలు దాకా పోవచ్చు.

ఇక అమెరికా. ఈ రెండు జిల్లాల తల్లిదండ్రుల్లో అక్కడికి పోయేవాళ్లకు చాలామందికి తెలిసిన ఊరు డాలస్. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో పేర్లు మన బస్టాండుల్లో కూడా వినిపిస్తాయి. ఇర్వింగ్‌లో 2014 గాంధీ జయంతినాడు తెరిచిన మహాత్ముడి విగ్రహం ఉంది, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, గోంగూర దొరుకుతుంది, బతుకమ్మ ఆడతారు. అన్నీ ఉన్నా పెద్దవాళ్లు రెండో నెలకల్లా టికెట్ తేదీ అడగడం మొదలుపెడతారు. కారణం గుమ్మం బయటే ఉంది. కూరగాయల కొట్టుకు కారు, గుడికి కారు, పలకరింపుకూ కారే. డాలస్‌కు డార్ట్ అని మంచి రైలు వ్యవస్థ ఉన్న మాట నిజమే. కానీ మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొన్న ఫ్రిస్కో అందులో సభ్య నగరం కాదు. పిల్లలు ఆఫీసుకు పోతే ఆరు నెలల వీసా కాలం కిటికీ దగ్గర గడుస్తుంది. “బంగారు పంజరం” అని వాళ్లే అంటారు. పిల్లల మీద ప్రేమను డాలస్ మీద ప్రేమగా లెక్కేయకూడదు.

అదే తల్లిదండ్రులను న్యూయార్క్ తీసుకుపోతే మనుషులు మారిపోతారు. 1904లో మొదలైన సబ్‌వే రాత్రింబవళ్లు నడుస్తుంది. ఏడో నంబరు రైలు చివరి స్టేషన్ ఫ్లషింగ్. అక్కడి నుంచి బౌన్ స్ట్రీట్‌లోని గణేశుడి గుడికి నడిచిపోవచ్చు. 1977 జూలై 4న కుంభాభిషేకం జరిగిన ఆ గుడి కింద క్యాంటీన్‌లో దోశ తినడానికి గుడికి రాని అమెరికన్లు కూడా వస్తారు. మెట్రొపాలిటన్ మ్యూజియంలో 2023 జూలై నుంచి నవంబరు దాకా పాత నల్లగొండ జిల్లాలోని ఫణిగిరి బౌద్ధ శిల్పాలు ప్రదర్శనకు ఉంచారు. సూర్యాపేట నుంచి కొడుకు దగ్గరికి పోయిన వాళ్లెవరైనా ఆ నెలల్లో అటు పోయి ఉంటే, తమ ఊరి పక్క గుట్ట మీది రాళ్లను న్యూయార్క్‌లో చూసి ఉంటారు. ఊరి దగ్గరున్నప్పుడు ఆ గుట్ట ఎక్కనివాళ్లే ఎక్కువ, అది వేరే మాట.

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు వారం రోజులు న్యూయార్క్ చూపించాలనుకుంటే లిబర్టీ విగ్రహం కోసం టికెట్ల క్యూలో నిలబెట్టక్కర్లేదు. మన్‌హాటన్ కొస నుంచి స్టాటెన్ ఐలాండ్‌కు పోయే పెద్ద నారింజరంగు ఫెర్రీకి 1997 నుంచి టికెట్ లేదు. ప్రయాణం 25 నిమిషాలు. పోయేటప్పుడు కుడివైపు కూర్చుంటే విగ్రహం బాగా కనిపిస్తుంది. అవతల అందరూ దిగి మళ్లీ ఎక్కాలి, కూర్చున్న చోటే ఉంటామంటే సిబ్బంది ఊరుకోరు. నీళ్ల మీద గాలి గట్టిగా కొడుతుంది కాబట్టి ఎండాకాలమైనా ఒక శాలువా వెంట ఉంచుకోవాలి.