టవర్ దూరం, రేడియేషన్ దగ్గర

అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో నీళ్ల ట్యాంకరు, లిఫ్టు మరమ్మతుల తర్వాత అందరి గొంతూ పెరిగేది సెల్ టవర్ దగ్గరే. డాబా మీద కాస్త చోటిస్తే నెలనెలా అద్దె వస్తుంది, నిర్వహణ ఖర్చు తగ్గుతుందని ఒకరంటారు. చిన్నపిల్లలున్న ఇళ్ల నెత్తిన రేడియేషన్ పెట్టుకుంటామా అని ఇంకొకరు అడ్డం తిరుగుతారు. చివరికి టవర్ వద్దని తీర్మానం చేస్తారు. ఆ కాలనీలో సిగ్నల్ అంతంతమాత్రంగానే ఉండిపోతుంది. అక్కడివాళ్లంతా మాత్రం రోజూ గంటల తరబడి ఫోన్లో మాట్లాడుతూనే ఉంటారు.

రేడియేషన్ తగ్గాలన్నదే వాళ్ల కోరికైతే, ఆ తీర్మానం పనికొచ్చిందా? లెక్క వేసి చూస్తే చాలాసార్లు లేదనే తేలుతుంది. అది ఎందుకో తెలియాలంటే ఫోను నుంచి వచ్చేదేమిటో, ప్రభుత్వం దాన్ని ఎలా కొలుస్తోందో చూడాలి.

వేడి తప్ప మరేమిటి?

ఎక్స్‌రేలు, ఎండ, రేడియో, సెల్‌ఫోను అన్నీ విద్యుదయస్కాంత తరంగాలే. వాటి మధ్య తేడా ఒక్కో ఫోటాన్ మోసుకొచ్చే శక్తిలో ఉంది. కణంలోని అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఎక్స్‌రేకు ఆ శక్తి దండిగా ఉంది కాబట్టి అది డీఎన్ఏను నేరుగా దెబ్బతీయగలదు. 1800 మెగాహెర్ట్‌జ్ ఫోను తరంగంలో ఒక్కో ఫోటాన్ శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పది లక్షల వంతులు చేస్తే అందులో ఏడు వంతులు మాత్రమే. అంటే కావలసినదానికి పది లక్షల రెట్లకు పైగా తక్కువ. తీవ్రత పెంచితే ఫోటాన్ల సంఖ్య పెరుగుతుందే కానీ ఒక్కోదాని బలం పెరగదు.

అలాగని ఏ ప్రభావమూ లేదని కాదు. ఈ తరంగాలు ఒంట్లోని నీటి అణువులను, లవణ అయాన్లను కదిలిస్తాయి. ఆ కదలిక వేడిగా మారుతుంది. శాస్త్రానికి గట్టిగా తెలిసిన హాని ఈ వేడే. ప్రపంచంలో ఫోన్లకు, టవర్లకు పెట్టిన ప్రధాన పరిమితులు దీని మీదే నిలబడ్డాయి.

ఒక కిలో కణజాలం ఎన్ని వాట్ల శక్తిని పీల్చుకుంటోందన్నదే ఆ వేడికి కొలమానం. దీన్ని ఎస్ఏఆర్ అంటారు. ఒళ్లంతా కలిపి కిలోకు 4 వాట్లు దాటితే శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మేర పెరగవచ్చని, జంతువుల ప్రవర్తనలో తేడా వస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఆ అంకెను పదితో భాగించి 0.4ను ఈ రంగంలో పనిచేసేవాళ్లకు, యాభైతో భాగించి 0.08ని మామూలు జనానికి పరిమితిగా పెట్టారు. తలలాంటి ఒక్క భాగానికే తగిలే శక్తికి పరిమితి వేరుగా ఉంటుంది. ఐరోపాలో అది పది గ్రాముల కణజాలం సగటున కిలోకు 2 వాట్లు. అమెరికాలో 1996 నుంచి ఒక్క గ్రాము సగటున 1.6 వాట్లు.

భారతదేశం మొదట ఐరోపా లెక్కనే పాటించి, 2012 సెప్టెంబరు 1 నుంచి అమెరికా లెక్కకు మారింది. పాత పరిమితి ప్రకారం తయారైన ఫోన్లు అమ్ముడుపోవడానికి ఏడాది గడువిచ్చింది. 2కు, 1.6కు తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు బిగింపు గ్రాముల్లో ఉంది. తలలో ఒకచోట శక్తి ఎక్కువగా చేరిందనుకోండి. పది గ్రాములకు సగటు తీస్తే చుట్టుపక్కల తక్కువ తగిలిన భాగాలతో కలిసి ఆ తీవ్రత పలచబడుతుంది. ఒక్క గ్రాముకే తీస్తే దాక్కోవడానికి చోటుండదు.

ప్లాస్టిక్ తల, రోబో చెయ్యి

ఎస్ఏఆర్ పరీక్ష జరిగే గదిలో మనిషి ఉండడు. ప్లాస్టిక్ తల ఒకటి ఉంటుంది. దాని కొలతలు అమెరికా సైన్యంలోని మగవాళ్ల తలల నుంచి తీసుకున్నవి. లోపల కణజాలంలా విద్యుత్తుకు స్పందించే ద్రవం పోస్తారు. ఫోనును ఆ తల చెంపకు ఆనించి ఒకసారి, 15 డిగ్రీలు వంచి ఒకసారి, కుడివైపు, ఎడమవైపు బిగిస్తారు. ఫోను తన గరిష్ఠ శక్తితో ప్రసారం చేసేలా ఆదేశిస్తారు. రోబో చెయ్యి సన్నని ప్రోబును ద్రవంలో కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ ఎక్కడ ఎంత శక్తి చేరిందో కొలుస్తుంది. అన్ని బ్యాండ్లలో, అన్ని భంగిమల్లో వచ్చినవాటిలో అతి పెద్ద అంకె ఆ ఫోను ఎస్ఏఆర్‌గా నమోదవుతుంది. మీ ఫోనుది తెలుసుకోవాలంటే *#07# నొక్కి చూడండి. చాలా మోడళ్లలో ఆ వివరం కనిపిస్తుంది.

అది ఫోను అన్నిటికన్నా గట్టిగా పనిచేసినప్పటి అంకె అన్నది మరిచిపోకూడదు. 0.9 ఉన్న ఫోను 1.2 ఉన్నదానికన్నా మీ చెవి దగ్గర తక్కువ ప్రసరిస్తుందని చెప్పలేం. రోజువారీ వాడకంలో ఆ సంగతి తేల్చేది ఫోను మోడల్ కన్నా టవర్ దూరమే.

ఎదురుగా కూర్చున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడతాం, పొలం అవతలి గట్టు మీదున్నవాణ్ణి కేకేసి పిలుస్తాం. ఫోను చేసేదీ అంతే. టవర్ తనకు అందుతున్న సిగ్నల్‌ను చూసుకుంటూ, శక్తి తగ్గించమనో పెంచమనో ఫోనుకు క్షణక్షణం చెబుతుంటుంది. 900 మెగాహెర్ట్‌జ్ 2జీ ఫోను 2 వాట్ల శిఖరం నుంచి 3 మిల్లీవాట్ల దాకా, అంటే ఆరువందల రెట్లకు పైగా, తగ్గగలదు. 3జీ, 4జీ ఫోన్లలో ఈ తేడా లక్షల రెట్లు. సిగ్నల్ నిండుగా ఉన్నచోట చెవికి తగిలేది గరిష్ఠంలో చిన్న తునక మాత్రమే. లిఫ్టులో, సెల్లారులో, ఒక్క గీతతో నెట్టుకొచ్చే ఏజెన్సీ పల్లెలో ఫోను దాదాపు పూర్తి శక్తితో అరుస్తుంటుంది.

ఇప్పుడు టవర్ లెక్క చూద్దాం. ఒక యాంటెన్నాకు 20 వాట్ల శక్తి అందిస్తున్నారని, అది శక్తిని ఒకవైపుకు యాభై రెట్లు కేంద్రీకరిస్తుందని అనుకుందాం. ఆ పుంజానికి సరిగ్గా ఎదురుగా 50 మీటర్ల దూరంలో చదరపు మీటరుకు సుమారు 0.03 వాట్లు పడతాయి. అక్కడ నిలబడ్డ మనిషి తల మీద పడేది ఒక మిల్లీవాటుకు అటూఇటూ. గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు పంపే 4జీ ఫోను బలహీనమైన సిగ్నల్‌లో చెవికి ఆనించి ఉంటే, అందులో పావువంతే తలలోకి వెళ్లినా 50 మిల్లీవాట్లు. టవర్ ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఇరవైనాలుగు గంటలూ ఒక మిల్లీవాటు చొప్పున పడే శక్తి, ఆ ఫోన్లో అరగంట మాట్లాడితే తలకు చేరే శక్తి దాదాపు సమానం. పైగా వేడి పోగుపడేది కాదు, రక్తప్రసరణ దాన్ని ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. యాంటెన్నా పుంజం పక్కకు సన్నగా సాగుతుంది కాబట్టి టవర్ కింది ఇంట్లో తీవ్రత ఇంకా తక్కువ. గోడలు, స్లాబు మరికొంత ఆపుతాయి.

పదో వంతు నిబంధన

టవర్ల మీద మన ప్రభుత్వం పట్టు బిగించింది కూడా 2012లోనే. అంతకుముందు 2008 నుంచి అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ ప్రమాణాలను పాటించేవాళ్లం. వాటి ప్రకారం 900 మెగాహెర్ట్‌జ్ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు, 1800 దగ్గర 9 వాట్లు పరిమితి. జనంలో ఆందోళన పెరగడంతో 2010లో వివిధ మంత్రిత్వ శాఖల అధికారులతో కమిటీ వేశారు. దాని సిఫారసుల మీద 2012 సెప్టెంబరు 1 నుంచి ఆ పరిమితులను పదో వంతుకు, అంటే 0.45కు, 0.9కి దించారు. పైన మనం వేసిన లెక్కలోని 0.03 ఆ దించిన పరిమితిలోనూ పదిహేనో వంతే.

కొత్త హాని ఏదో బయటపడి దించినది కాదది. ముందుజాగ్రత్తగా తీసుకున్న నిర్ణయం. దాని ఫలితం రెండువైపులా పనిచేసింది. చాలా దేశాలకన్నా కఠినమైన నియమం వచ్చింది. అదే సమయంలో, ప్రమాదం లేకపోతే ఎందుకు తగ్గించారన్న అనుమానమూ జనంలో పాతుకుపోయింది. పరిమితి తగ్గేకొద్దీ ఒకేచోట ఎక్కువ యాంటెన్నాలు పెట్టడం కష్టమవుతుందని కంపెనీలు అంటూ వచ్చాయి.

అమలు విధానం ఇది. ప్రతి టవర్‌కూ ఆపరేటరు పరిమితులకు లోబడి ఉన్నట్టు స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలి. టెలికాం శాఖ క్షేత్ర విభాగాలు వాటిలో పది శాతం దాకా ఎంచుకుని వెళ్లి కొలుస్తాయి. ఉల్లంఘన తేలితే ఒక్కో టవర్‌కు మొదట 5 లక్షలున్న జరిమానాను తర్వాత 10 లక్షల రూపాయలకు పెంచారు. 2013లో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో, యాంటెన్నాకు ఎదురుగా అదే ఎత్తులో కట్టడం ఉంటే ఒక్క యాంటెన్నాకు 20 మీటర్లు, పన్నెండు ఉంటే 75 మీటర్ల దూరం పాటించాలన్నారు. 2017 మేలో మొదలైన తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ చుట్టుపక్కల టవర్ల వివరాలు చూసుకోవచ్చు. 4,000 రూపాయలు కట్టి మీ ఇంటి దగ్గర కొలవమని అడిగే ఏర్పాటు కూడా అందులో పెట్టారు. గొడవపడుతున్న సంఘానికి ఆ కొలత కాగితం ఎంత వాదనకన్నా విలువైనది.

తయారీదారు మాటను ఎవరో ఒకరు సరిచూడాల్సిందేనని ఫ్రాన్స్ అనుభవం చెబుతుంది. 2020లో అమ్మకానికొచ్చిన ఐఫోన్ 12ను అక్కడి నియంత్రణ సంస్థ పరీక్షిస్తే, చేతిలో పట్టుకున్న స్థితిలో కిలోకు 5.74 వాట్లు వచ్చింది. కాళ్లూచేతులకు ఐరోపా పరిమితి 4 వాట్లు. 2023 సెప్టెంబరులో అమ్మకాలు ఆపమన్నారు. తమ ఫోను నిబంధనల ప్రకారమే ఉందని వాదిస్తూనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ మార్చి సర్దుబాటు చేసింది. పరిమితిలోనే భద్రత కోసం చాలా ఎడం కలిపి ఉంది కాబట్టి ఎవరికీ గాయమైనట్టు తెలియలేదు. కానీ ఆ లోపం దాదాపు మూడేళ్లు ఎవరి కంటా పడలేదు. మన దగ్గరా అంగట్లోని ఫోన్లను కొని పరీక్షించి, మోడల్ పేరుతో సహా ఫలితాలు జనం ముందు పెడితే నమ్మకం దానంతటదే పెరుగుతుంది.

క్యాన్సర్ మాటేమిటి?

2011 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 2బీ వర్గంలో, అంటే క్యాన్సర్ కారకం కావడానికి అవకాశం ఉందన్న జాబితాలో, చేర్చింది. కలబంద ఆకు సారం కూడా అదే జాబితాలో ఉంది. ఆధారాలు ఎంత గట్టివో చెప్పే వర్గీకరణ అది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పేది కాదు. అంతకు ముందు ఏడాది వెలువడిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం 13 దేశాల్లో సాగింది. మొత్తం మీద ముప్పు పెరిగినట్టు అందులో కనిపించలేదు. అందరికన్నా ఎక్కువగా మాట్లాడిన పదో వంతు మందిలో మాత్రం ఒక రకం మెదడు కణితి కొంత ఎక్కువగా కనిపించింది. కణితి వచ్చినవాళ్లు పాత వాడకాన్ని ఎక్కువ చేసి గుర్తుచేసుకునే వీలుంది కాబట్టి పరిశోధకులే దాన్ని గట్టి రుజువుగా తీసుకోలేదు.

2018లో అమెరికాలో ఎలుకల మీద పెద్ద ప్రయోగం ముగిసింది. రోజుకు తొమ్మిది గంటలు, రెండేళ్లపాటు, ఒళ్లంతా తరంగాలు సోకిన మగ ఎలుకల గుండెల్లో అరుదైన కణితులు కనిపించాయి. చిత్రమేమంటే ఆ ఎలుకలే తరంగాలు సోకనివాటికన్నా ఎక్కువకాలం బతికాయి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద జరిగిన సమీక్ష 63 అధ్యయనాలను జల్లెడ పట్టి, ఫోను వాడకానికి మెదడు క్యాన్సర్‌కు సంబంధం కనిపించలేదని తేల్చింది. పదేళ్లు, అంతకు మించి వాడినవాళ్లలోనూ అదే మాట.

భయం మాత్రం తగ్గలేదు. 2018లో వచ్చిన 2.0 సినిమా కథంతా టవర్ల వల్ల పిట్టలు చచ్చిపోతున్నాయన్న ఆవేదన మీదే నడిచింది. 5జీకి వ్యతిరేకంగా నటి జూహీ చావ్లా వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు 2021 జూన్‌లో కొట్టేసి 20 లక్షలు ఖర్చుల కింద కట్టమంది. మరుసటి ఏడాది అది 2 లక్షలకు తగ్గింది. అదే దేశంలో, 2017లో గ్వాలియర్‌కు చెందిన ఒక వ్యక్తి ఫిర్యాదు మీద ఒక టవర్‌ను ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టులే అటూఇటూ ఊగుతుంటే కాలనీవాసిని తప్పుపట్టలేం.

భయాన్ని సొమ్ము చేసుకునేవాళ్లు మధ్యలో ఉంటారు. రేడియేషన్ ఆపుతాయని అమ్మే స్టిక్కర్లు, చిప్పులు నిజంగా తరంగాలను ఆపితే ఫోను పనిచేయదు. సగం ఆపితే ఫోను టవర్‌ను అందుకోవడానికి శక్తి పెంచుతుంది. డబ్బు పెట్టి రేడియేషన్ కొనుక్కున్నట్టు. టవర్ పెట్టడానికి అనుమతిపత్రం ఇస్తాం, ముందు రుసుము కట్టండి అంటూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరుతో వచ్చే సందేశాలు మరో మోసం. ట్రాయ్ అలాంటి పత్రాలు ఇవ్వదు.

చేయగలిగినవి తేలికే. సిగ్నల్ తక్కువగా ఉన్నచోట ఎక్కువసేపు మాట్లాడకండి, కిటికీ దగ్గరికో బయటికో రండి. స్పీకరో ఇయర్‌ఫోనో వాడితే ఫోను తలకు దూరమవుతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోనును దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా జేబులో పెట్టుకోకూడదు. టవర్ గురించి సందేహముంటే కొలత అడగండి. కొలత పరిమితి దాటితే ఫిర్యాదు చేయండి, దాటకపోతే ఒప్పుకోండి.

ఇక ఫోను వల్ల మనుషులు చనిపోతున్నారన్నది రుజువైన చోటు ఒకటుంది. బండి నడుపుతూ ఫోను వాడటం వల్ల 2022లో మన దేశంలో మూడు వేల మందికి పైగా ప్రాణాలు పోయాయని రోడ్డు రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. ఆ ప్రమాదం తప్పించుకోవడానికి ఏ కమిటీ నివేదిక కోసమూ ఎదురుచూడక్కర్లేదు.