కాన్యన్ రోడ్ ట్రిప్‌కి వెళ్తున్నారా? టెంట్ ఎక్కడ వేయాలి.. ఏ దారిలోకి మళ్లకూడదు.. బయల్దేరే ముందు ఇవి తెలుసుకోండి!

లాస్ వేగాస్‌లో కారు ఎక్కడం, జయాన్, బ్రైస్ చూసుకుని పేజ్ మీదుగా గ్రాండ్ కాన్యన్ చేరడం.. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు బాగా తెలిసిన రూటే ఇది. నెవాడా, యూటా, అరిజోనా.. మూడు రాష్ట్రాల ఎడారి. హోటళ్లలో దిగుతూ వెళ్తే సాయంత్రం ఎర్రబడే కొండలు, రాత్రి నక్షత్రాలు సగం మిస్ అయినట్టే. అందుకే చాలామంది టెంట్ వెంట తీసుకెళ్తారు. అయితే ఈ లోయల్లో ఒక ప్రమాదం ఉంది. అది తెలియకుండా వెళ్లొద్దు.

ఎండ కాస్తున్నా వరద వస్తుంది!

ఇక్కడి నేలంతా రాయి. వాన పడితే నీళ్లు ఇంకవు. అన్నీ కలిసి ఇరుకు లోయల్లోకి ఒక్కసారిగా దూసుకొస్తాయి. వాన మీ నెత్తిన పడక్కర్లేదు, మైళ్ల దూరంలో పడినా చాలు. 1997 ఆగస్టు 12న పేజ్ దగ్గర లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది టూరిస్టులు ఇలాగే చనిపోయారు. ఎగువన కురిసిన వాన వాళ్ల ప్రాణాలు తీసింది. 2015 సెప్టెంబర్ 14న జయాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో మరో ఏడుగురు బలయ్యారు.

జులై నుంచి సెప్టెంబర్ మధ్య వరకు ఇక్కడ వానల సీజన్. ఆ రోజుల్లో పొద్దున్నే విజిటర్ సెంటర్‌లో ఆకస్మిక వరద హెచ్చరిక ఉందేమో అడగండి. ఎండిన వాగులో ఇసుక మెత్తగా, చదునుగా కనిపిస్తుంది. అక్కడ మాత్రం టెంట్ వేయొద్దు. లోయలో నడుస్తున్నప్పుడు నీళ్లు బురదగా మారినా, పుల్లలు కొట్టుకొస్తున్నా, దూరంగా హోరు వినిపించినా.. సామాన్లు వదిలేసి వెంటనే ఎత్తైన చోటికి ఎక్కేయాలి.

టెంట్ వేయడానికి బెస్ట్ స్పాట్లు ఇవే

వ్యాలీ ఆఫ్ ఫైర్: వేగాస్ నుంచి దాదాపు 50 మైళ్లు. నిప్పులా ఎర్రటి ఇసుకరాళ్ల మధ్యే క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి. చలికాలంలో హాయిగా ఉంటుంది. వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అప్పుడు చూసి ముందుకు వెళ్లిపోవడమే మంచిది.

జయాన్: వర్జిన్ నది పక్కనే వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్. రిజర్వేషన్లు ఆరు నెలల ముందే మొదలవుతాయి, త్వరగా నిండిపోతాయి.

బ్రైస్: పేరులో కాన్యన్ ఉన్నా ఇది నది తవ్విన లోయ కాదు. రాతి పగుళ్లలో నీళ్లు రాత్రి గడ్డకట్టి, పగలు కరుగుతూ రాయిని చీల్చడం వల్ల వేల శిలాస్తంభాలు ఏర్పడ్డాయి. అంచు ఎత్తు 8,000 అడుగుల పైమాటే. కింద జయాన్‌లో చెమటలు కక్కినా, ఇక్కడ రాత్రికి స్వెట్టర్ కావాలి.

లోన్ రాక్ బీచ్: పేజ్ దగ్గర లేక్ పావెల్ ఒడ్డున ఇసుకలోనే క్యాంపింగ్. మామూలు కారును నీళ్ల దాకా తీసుకెళ్లొద్దు, చక్రాలు కూరుకుపోతాయి.

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్: మ్యాథర్ క్యాంప్‌గ్రౌండ్ పెద్దది. తూర్పు చివర డెజర్ట్ వ్యూలోది చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. అక్కడున్న 1932 నాటి వాచ్‌టవర్ దగ్గర నుంచి సూర్యాస్తమయం చూడొచ్చు.

ఏ దారి మళ్లొచ్చు? ఏది వద్దు?

పేజ్ నుంచి గ్రాండ్ కాన్యన్ వెళ్లేటప్పుడు లీస్ ఫెర్రీకి తప్పకుండా మళ్లండి. కొలరాడో నది ఒడ్డు దాకా తారు రోడ్డు మీదే వెళ్లొచ్చు. దారిలో 1929 నాటి నవాజో బ్రిడ్జి మీద నడుస్తూ కిందికి చూస్తే నది కనిపిస్తుంది. అదృష్టం బాగుంటే అరుదైన కాండోర్ రాబందులు కూడా!

బ్రైస్ వైపు నుంచి పేజ్‌కి కాటన్‌వుడ్ కాన్యన్ రోడ్ అని 46 మైళ్ల మట్టి దారి ఉంది. మ్యాప్‌లో షార్ట్‌కట్‌లా కనిపిస్తుంది. వాన పడితే ఆ బంకమట్టిలో ఫోర్ వీల్ డ్రైవ్ కూడా కదలదు. పొడిగా ఉంటేనే వెళ్లాలి, అదీ రేంజర్లను అడిగాకే.

తోరోవీప్ మరీ కష్టం. 3,000 అడుగుల నిలువు అంచు, అద్భుతమైన వ్యూ నిజమే. కానీ 60 మైళ్ల రాళ్ల రోడ్డు, టైర్లు పంక్చర్ కావడం మామూలు, సిగ్నల్ ఉండదు. అద్దె కారుతో ఆ సాహసం వద్దు. చాలా అద్దె ఒప్పందాలు మట్టి రోడ్లకు ఒప్పుకోవు కూడా.

ఈ రెండూ చాలామందికి తెలియవు

టైమ్: వేసవిలో యూటా గడియారం అరిజోనా కంటే గంట ముందుంటుంది. నవాజో ప్రాంతం కూడా అరిజోనాలో ఉన్నా యూటా టైమ్‌నే పాటిస్తుంది. దీంతో పేజ్ చుట్టుపక్కల ఫోన్ టైమ్ అటూ ఇటూ మారిపోతుంది. యాంటిలోప్ కాన్యన్‌లోకి గైడ్ లేకుండా పంపరు, బుక్ చేసుకున్న స్లాట్‌కి వెళ్లాల్సిందే. కాబట్టి పేజ్ టైమ్‌నే లెక్కలోకి తీసుకోండి.

టికెట్: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తున్నారా? 2026 జనవరి 1 నుంచి జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ సహా 11 నేషనల్ పార్కుల్లో విదేశీ సందర్శకులకు మామూలు ఎంట్రీ ఫీజుకు అదనంగా మనిషికి 100 డాలర్లు పెట్టారు. విదేశీయుల వార్షిక పాస్ ధర 250 డాలర్లు. ఒకటి కంటే ఎక్కువ పార్కులు చూస్తే పాస్ తీసుకోవడమే లాభం.

నీళ్లు మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు పెట్టుకోండి. సగం ట్యాంకు కాగానే పెట్రోల్ నింపేయండి. అన్నిటికంటే ముఖ్యం.. ప్లాన్‌లో ఒక రోజు ఖాళీగా వదలండి. ‘ఈ రోజు వదిలేస్తే మళ్లీ కుదరదు’ అనే తొందరలోనే జనం మబ్బు పట్టినా లోయలోకి దిగుతారు. చేతిలో ఒక రోజు ఉంటే వాన వెలిసి, వరద హెచ్చరిక తీసేశాకే వెళ్లొచ్చు.